మాత్ర తర్వాతి వైద్యం
(రాణి కుముదినీదేవి స్మృతిలో కొల్లాపూర్‌లో చేసిన ఉపన్యాస పాఠం)



కొల్లాపూర్‌లో నిలబడి వనపర్తి రాణిని తలుచుకోవడం పక్కింటి పెద్దమనిషిని తలుచుకోవడమే. రెండూ పాలమూరు నేలమీది సంస్థానాలే. పింగళి వెంకట్రామారెడ్డి గారి కూతురిగా 1911లో పుట్టిన కుముదినీదేవి, రాజా రామ్‌దేవ్‌రావు గారిని పెళ్లాడి వనపర్తి కోడలయ్యారు. 1962లో హైదరాబాద్ నగరానికి మొదటి మహిళా మేయర్ అయ్యారు. వనపర్తి నుంచి శాసనసభకు ఎన్నికయ్యారు. 2009లో కన్నుమూశారు. ఆమె చేసిన పనులన్నిటిలో నేను ముందు తలుచుకునేది 1958లో కూకట్‌పల్లి దగ్గర ఆమె నెలకొల్పిన శివానంద పునరావాస కేంద్రాన్ని. కుష్ఠు సోకిన వాళ్లకు వైద్యం, నీడ, చేతికి పని ఒకేచోట దొరకాలని పెట్టిన సంస్థ అది. కుష్ఠు పేరు చెబితేనే మనుషులు మొహం తిప్పుకునే రోజుల్లో, రాజకుటుంబపు స్త్రీ ఆ మనుషుల మధ్యకు వెళ్లి నిలబడింది. ఈ సాయంత్రపు మాటలన్నీ ఆ ధైర్యానికి నమస్కారమే.

ఆ కేంద్రానికి వచ్చిన వాళ్లు ఎక్కడి నుంచి వచ్చారు? ఏదో ఒక ఊరి నుంచి, ఏదో ఒక ఇంటి నుంచి. గడప దాటించిన ఇల్లు ఒకటి ఉంటేనే గడప తెరిచిన సంస్థ ఇంకొకటి కావాల్సి వచ్చింది. ఇవాళ పరిస్థితి మారింది. కుష్ఠుకు మందు ఊరి సర్కారు దవాఖానలోనే ఉచితంగా దొరుకుతుంది. ఎవరూ ఇల్లు వదలక్కరలేదు. కాబట్టి కుముదినీదేవి ఆనాడు ఒక సంస్థలో చేసిన పనిని ఇప్పుడు ప్రతి ఇల్లూ చేయాలి. మాత్ర సర్కారు ఇస్తుంది, మిగిలిన వైద్యం ఇల్లు చేస్తుంది. మరి ఆ ఇంటికి అండ ఎవరు? నేను అడగదలచుకున్నది ఇదే.

మొదట పాత రోజుల సంగతి కొంచెం చెప్పాలి. మన తెలంగాణలో ఈ జబ్బుకు పెద్ద ఆస్పత్రి నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో 1915లో మొదలైంది. స్కాట్లండ్ నుంచి వచ్చిన డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జ్ కెర్ దాన్ని నిలబెట్టారు. నిజామాబాద్‌కు చెందిన రాజా నర్సాగౌడ్ విరాళంతో ఆదుకున్నారు. అప్పటికి ఉన్న మందు చాల్మోగ్రా గింజల నూనె. దాన్ని సూదిమందుగా ఎక్కించేవాళ్లు. విపరీతమైన నొప్పి, గుణం అంతంత మాత్రం. అయినా ఒక డాక్టరమ్మ తమ ఒంటిని తాకి చూస్తుందన్న ఆశతో దూరాల నుంచి జనం వచ్చారు. అది గొప్ప సేవ. అయితే ఆ సేవ జరిగే చోట ఇంటివాళ్లు ఉండరు. భార్య ఒకచోట, భర్త ఒకచోట, పిల్లలు మేనమామల ఇళ్లలో. రోగిని వేరుచేయడమే అప్పటి వైద్యనీతి, అప్పటి చట్టం కూడా. బ్రిటిషు పాలకులు 1898లో చేసిన కుష్ఠు చట్టం బిచ్చమెత్తే రోగులను పట్టుకుని ఆశ్రమాల్లో పెట్టే అధికారం ఇచ్చింది. ఆ చట్టాన్ని మన పార్లమెంటు రద్దు చేసింది 2016లో.

వేరుచేయడం మన ఒక్కరి పద్ధతే కాదు. హవాయి దీవుల్లో 1866 నుంచి రోగులను మొలొకాయ్ దీవిలోని కలౌపాపా అనే ఒంటరి నేలకు ఓడల్లో పంపేవాళ్లు. ఒకవైపు సముద్రం, ఇంకోవైపు నిట్టనిలువు కొండ. తిరిగి రాలేమని తెలిసీ కొందరు భార్యలు, భర్తలు, తల్లులు ఆ ఓడ ఎక్కారు. ఒంట్లో జబ్బు లేకపోయినా జబ్బుమనిషికి తోడుగా వెళ్లిన ఆ బంధువులను హవాయి జనం కోకువా అని పిలిచారు. వండిపెట్టారు, పుండ్లు కడిగారు, ఇల్లు కట్టారు, చివరికి పాతిపెట్టారు. జబ్బుకు మందే లేని కాలంలో మనిషికి దొరికిన ఒకే ఒక్క మందు ఆ తోడు.

అసలు మందు వచ్చింది గత శతాబ్దం నడిమిట్లో. 1940లలో డాప్సోన్ వాడకం మొదలైంది. ఏళ్ల తరబడి ఒకే మందు వాడేసరికి క్రిమి దానికి అలవాటు పడింది. అందుకని 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు రిఫాంపిసిన్, క్లోఫజిమిన్, డాప్సోన్ కలిపి ఇవ్వాలని చెప్పారు. బహుళ ఔషధ చికిత్స అంటే ఇదే. 1983లో మన దేశం జాతీయ కుష్ఠు నిర్మూలన కార్యక్రమం మొదలుపెట్టింది. ఎక్కువ మచ్చలున్న వాళ్లకు పన్నెండు నెలల మందు. నెలకోసారి ఆరోగ్య కార్యకర్త కళ్లముందు ఒక మోతాదు మింగాలి, మిగతా రోజుల మాత్రలు ఇంట్లో వేసుకోవాలి. మందు మొదలైన కొద్ది రోజులకే ఆ మనిషి నుంచి ఇంకొకరికి జబ్బు అంటుకునే ప్రమాదం పోతుంది. నూటికి తొంభై అయిదు మందికి ఈ క్రిమిని ఎదుర్కొనే శక్తి పుట్టుకతోనే ఉంటుంది. తల్లి నుంచి బిడ్డకు రక్తంలో వచ్చే జబ్బు కాదు. ఎవరి పాపఫలమూ కాదు. నార్వే దేశపు డాక్టర్ హాన్సెన్ 1873లోనే దీనికి కారణమైన క్రిమిని చూపించాడు.

2005 డిసెంబరు నాటికి దేశంలో పదివేల మందికి ఒకటి కంటే తక్కువగా రోగుల సంఖ్య వచ్చిందని, ప్రజారోగ్య సమస్యగా కుష్ఠు తొలగిపోయిందని ప్రకటించారు. ఆ మాట విన్న చాలామంది జబ్బే పోయిందనుకున్నారు. పోలేదు. ఇప్పటికీ మన దేశంలో ఏటా లక్ష దాకా కొత్త కేసులు బయటపడుతున్నాయి. ప్రపంచంలోని కొత్త కేసుల్లో సగానికి పైగా మనవే. ఒకప్పుడు కుష్ఠు పని మీదే తిరిగే సిబ్బంది ఉండేవాళ్లు. ఆ పని సాధారణ ఆరోగ్య సేవల్లో కలిసిపోయాక మచ్చను గుర్తుపట్టే కళ్లు తగ్గాయి. ఇప్పుడు ఆ కళ్లు ఇంట్లోనే ఉండాలి.

ఒక ఇంటిని ఊహించుకుందాం. కొల్లాపూర్ చుట్టుపట్ల ఏ ఊరైనా కావచ్చు. ఒక అన్న, వదిన, వాళ్ల ఇద్దరు పిల్లలు, ఒక తమ్ముడు, అతని భార్య. తమ్ముడు మేస్త్రీ వెంట పట్నం పోయి ఇల్లు కట్టే పని చేసొచ్చేవాడు. వీపు మీద రాగిరంగు మచ్చలు చాలా వచ్చాయి. దురద లేదు, నొప్పి లేదు. గిల్లినా తెలియదు. నొప్పి లేని మచ్చకు దవాఖానకు పోయేదెవరు? ఇంకొన్నాళ్లకు చిటికెనవేలు వంగిపోయింది. సిమెంటు పనికి అట్లయిందనుకున్నాడు. ఒకరోజు బీడీ నిప్పుకు చేతివేళ్ల సందున బొబ్బ లేచినా తనకు తెలియలేదు. చూసింది వదిన. ఆశా కార్యకర్తను పిలిపించింది ఆమె. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరు దూదితో తాకి చూసి, మోచేతి నరం పట్టి చూసి, జబ్బు పేరు చెప్పాడు.

ఆ పేరు విన్న సాయంత్రం ఆ ఇంట్లో జరిగేదే వైద్యంలో మొదటి మెట్టు. అతని కంచం వేరే పెడతారా, అందరితో కలిపి పెడతారా? పిల్లలు చిన్నాయన మంచం మీద ఎప్పటిలాగే ఎక్కి కూర్చుంటారా? వైద్యశాస్త్రం అయితే స్పష్టంగానే చెప్తుంది. కంచం వేరు పెట్టక్కరలేదు, బట్టలు వేరే ఉతకక్కరలేదు, భార్యాభర్తలు విడిగా ఉండక్కరలేదు. కంచం వేరు పెట్టిన ఇంట్లో మనిషి మాత్రలు దాచిపెట్టి మింగుతాడు, కొన్నాళ్లకు మానేస్తాడు. కలిపి పెట్టిన ఇంట్లో మాత్రల అట్ట గూట్లో అందరికీ కనబడేటట్టు ఉంటుంది. ఈ రోజు వేసుకున్నావా అని పదేళ్ల పిల్ల అడుగుతుంది. పన్నెండు నెలల మందు పూర్తవడానికి ఆ పిల్ల అడిగే మాటకంటే గట్టి పర్యవేక్షణ లేదు.

ఇంటికి ముందే చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి. నెలకోసారి వేసుకునే రిఫాంపిసిన్‌తో ఆ రోజు మూత్రం ఎర్రగా వస్తుంది. భయపడనక్కరలేదు. క్లోఫజిమిన్‌తో ఒళ్లు, ముఖ్యంగా మచ్చలున్న చోట, నల్లబడుతుంది. మందు అయిపోయాక కొన్ని నెలల్లో మెల్లగా తేటపడుతుంది. ఇది ముందే తెలియని ఇంట్లో, మందు వేసి మనిషిని పాడుచేశారని చుట్టాలంటారు. ఆ మాటకు మందు ఆగిపోతుంది. ఇంకొకటి జాగ్రత్తగా వినండి. డాప్సోన్ మొదలైన తొలి వారాల్లో జ్వరంతో పాటు ఒళ్లంతా దద్దుర్లు లేస్తే, అది కొందరికి ఆ మందు పడకపోవడం. వెంటనే మందు ఆపి డాక్టరు దగ్గరికి పోవాలి.

జబ్బు చర్మం మీద కనబడుతుంది గాని దెబ్బ కొట్టేది నరాల మీద. మందు క్రిమిని చంపుతుంది. చచ్చిన క్రిమి ముక్కల మీద కూడా శరీరం తిరగబడుతుంది. మందు వాడుతుండగానో, అయిపోయిన తర్వాతనో మచ్చలు ఎర్రగా ఉబ్బి, మోచేతి దగ్గరో మోకాలి పక్కనో నరం సలిపి, చేయో పాదమో బలం తప్పవచ్చు. చాలామంది దీన్ని జబ్బు తిరగబెట్టిందనుకుంటారు. తిరగబెట్టడం కాదు, శరీరం చేస్తున్న పోరాటం. దీనికి స్టెరాయిడ్ మందు నెలల తరబడి డాక్టరు చెప్పిన లెక్కలో వాడాలి. నరం దెబ్బతిని ఆరు నెలలు దాటకముందే మొదలుపెడితే పోయిన బలం తిరిగొచ్చే ఆశ ఉంటుంది. ఆలస్యమైతే వంకర శాశ్వతం. నిన్న గట్టిగా పట్టుకున్న గ్లాసు ఇవాళ జారిందని డాక్టరు కంటే ముందు చూసేది భార్య, వదిన, తల్లి.

పాదాల సంగతికి వస్తాను. స్పర్శ పోయిన పాదం ముల్లు గుచ్చుకున్నా చెప్పదు. చెప్పులో రాయి ఉన్నా, వేడి బండ మీద నిలబడ్డా, రాత్రి ఎలుక కొరికినా చెప్పదు. ఆ పాదం తరఫున ఇంకెవరో చెప్పాలి. రోజూ సాయంత్రం ఒక బేసిన్‌లో చల్లటి నీళ్లు పోసి అరగంట పాదాలు నాననివ్వాలి. వేడినీళ్లు అసలు వద్దు, కాలినా తెలియదు. గట్టిపడ్డ తోలును గరుకు రాయితో మెల్లగా రుద్ది, తడి ఆరకముందే ఇంట్లో ఉన్న నూనె ఏదైనా రాయాలి. అరికాలు వెలుతురులో తిప్పి చూడాలి. ఎర్రగా, వెచ్చగా ఉన్న చోటే రేపటి పుండు ఉంటుంది. మెత్తటి రబ్బరు అడుగున్న ఎంసీఆర్ చెప్పులు సర్కారు ఇస్తుంది. అవి తొడుక్కున్నాడో లేదో చూడాలి. పొయ్యి మీది గిన్నె దించేటప్పుడు చేతికి గుడ్డ అందించాలి. పార, కొడవలి పిడికి గుడ్డ చుట్టాలి. రెప్ప పూర్తిగా మూతపడని కంటికి రాత్రి గుడ్డ కప్పాలి. అరగంట నీళ్లు, చుక్క నూనె, ఒక జత కళ్లు. ఖర్చేమీ లేదు. కాని ఏళ్ల తరబడి, ఒక్క సాయంత్రం కూడా విడవకుండా చేయాలి. పన్నెండు నెలలకు మాత్ర ఆగిపోతుంది. ఈ వైద్యం ఆగదు.

పుండు పడిందనుకోండి, దానికి అసలైన మందు విశ్రాంతి. కాలు కింద పెట్టకుండా వారాల తరబడి కూర్చుంటే ఆ పుండు చాలావరకు దానంతట అదే మానుతుంది. డాక్టరు చీటీ మీద విశ్రాంతి అని రాయడానికి ఒక్క క్షణం పడుతుంది. కూలి మనిషికి విశ్రాంతి అంటే కూలి పోవడం. అతని బదులు భార్య రెండో పూట కూడా పనికి పోవాలి. అన్న తన చేనుతో పాటు తమ్ముడి చేనూ చూడాలి. చదువుకునే పిల్ల గొర్రెల వెంట పోవాల్సి రావచ్చు. సర్కారు ఇచ్చే మాత్రకు వెల లేదు. విశ్రాంతి అనే మందు వెల మాత్రం ఆ ఇల్లే కడుతున్నది. ఎవరూ రసీదు ఇవ్వని వెల అది. కుష్ఠు నుంచి ఒక మనిషి కోలుకున్నాడని మనం సంతోషించేటప్పుడు, ఆ వెల కట్టినవాళ్ల పేరు కూడా చెప్పాలి.

పాలమూరు నేలకు ఇంకో కష్టం ఉంది. మన దగ్గర ఇల్లు ఒకచోట, పని ఒకచోట. వానలు పోయిన ఏడు బొంబాయి బస్సు ఎక్కడం, మేస్త్రీల వెంట దేశాలు పట్టి పోవడం తరాల నుంచి ఉన్నదే. నెల నెలా దవాఖానకు వచ్చి మింగాల్సిన మందుకు వలస పెద్ద శత్రువు. ఊళ్లో మొదలుపెట్టిన మందు పనిచోట ఆగుతుంది. తన జబ్బు మేస్త్రీకి తెలిస్తే పని పోతుందని మనిషి నోరు విప్పడు. ఇక్కడ కూడా ఇంటివాళ్లే ఆధారం. పోయే ముందు ఆరోగ్య కేంద్రంలో చెప్పి, చీటీ రాయించి, పనిచోట మందు దొరికే ఏర్పాటు చేసుకోవాలి. నెల తేదీ దగ్గర పడితే ఇంటి నుంచి ఫోను పోవాలి. ఇవి చిన్న పనుల్లా కనబడతాయి. పూర్తయిన చికిత్సకు, సగంలో ఆగిన చికిత్సకు మధ్య తేడా ఇవే.

ఇప్పుడు ఇంటిని వెనకేసుకొచ్చే మాట ఒకటి చెప్పాలి. రోగిని వదిలేసిన కుటుంబాలను మనం సులువుగా తిడతాం. ఆ ఇంటి ఆడపిల్లకు సంబంధం తప్పిపోయినప్పుడు తిట్టినవాళ్లలో ఒక్కరైనా అండగా నిలబడ్డారా? ఆ ఇంటి నుంచి పాలు కొనడం మానేసింది ఎవరు? జబ్బు ఒకరికి, వెలి ఇంటిల్లిపాదికి. జబ్బు మొగవాడికి వస్తే భార్య పాదాలు కడుగుతుంది. అదే భార్యకు వస్తే ఆమెను పుట్టింటికి పంపిన ఇళ్లు ఎన్నో. ఆడమనిషి అందుకే మచ్చను దాచుకుంటుంది, దాచుకున్నందుకే వేళ్లు పోగొట్టుకుంటుంది. ఇంకా బాధ కలిగించే సంగతి, మన చట్టమే చాలాకాలం ఆ పంపేయడానికి వీలిచ్చింది. కుష్ఠును విడాకులకు కారణంగా చూపే వెసులుబాటును పార్లమెంటు వివాహ చట్టాల నుంచి తీసేసింది 2019లోనే. పూర్తిగా నయమయ్యే జబ్బుకు కాపురం కూల్చే హక్కు అన్నాళ్లూ పుస్తకంలో ఉండిపోయింది.

జపాన్‌లో జరిగింది విన్నాక నాకు ఈ విషయం ఇంకా గట్టిగా పట్టింది. అక్కడ రోగులను బలవంతంగా వేరుచేసే చట్టం 1996 దాకా ఉంది. 2001లో కుమామోతో కోర్టు ఆ విధానం రాజ్యాంగ విరుద్ధమంది. తర్వాత రోగుల పిల్లలు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు అయిదువందల మందికి పైగా అదే కోర్టుకు వెళ్లారు. తమకు జబ్బు లేకపోయినా బడిలో, పెళ్లిలో, ఉద్యోగంలో తాము పడ్డ అవమానానికి ప్రభుత్వమే కారణమన్నారు. 2019లో కోర్టు ఔనంది. ప్రభుత్వం క్షమాపణ చెప్పింది. కుటుంబాలకు పరిహారం ఇచ్చే చట్టం అదే ఏడాది వచ్చింది. రోగి పక్కన ఉన్న ఇల్లు కూడా దెబ్బతిన్నదని ఒక దేశం లిఖితపూర్వకంగా ఒప్పుకుంది. మనం కోర్టు దాకా పోనక్కరలేదు. ఊరి మధ్య కూర్చుని ఒప్పుకుంటే చాలు.

ఒప్పుకున్న తర్వాత చేయాల్సిన పని కూడా ఉంది. ఒక ఇంట్లో జబ్బు బయటపడితే ఆ ఇంట్లో అందరినీ, చిన్నపిల్లలతో సహా, పరీక్ష చేయించాలి. క్రిమి ఒంట్లో చేరాక మచ్చ కనబడటానికి సగటున అయిదేళ్లు, ఒక్కోసారి ఇరవై ఏళ్లు పట్టొచ్చు. కాబట్టి ఒక్కసారి చూసి వదిలేయడం సరిపోదు. జబ్బు లేని కుటుంబ సభ్యులకు ముందుజాగ్రత్తగా ఒక్క మోతాదు రిఫాంపిసిన్ ఇస్తారు. బంగ్లాదేశ్‌లో పెద్ద ఎత్తున జరిపిన అధ్యయనంలో దీనివల్ల మొదటి రెండేళ్లలో కొత్త కేసులు 57 శాతం తగ్గాయి. మన దేశం కూడా ఈ పద్ధతి చేపట్టింది. కాని ఆ ఒక్క మాత్ర ఇవ్వడానికి కార్యకర్త ఇంటికి వస్తే, ఇరుగుపొరుగుకు తెలుస్తుందని తలుపు వేసుకునే ఇళ్లున్నాయి. ఆ తలుపు ఇంటివాళ్లు వేసింది కాదు. మన చూపులు వేయించింది.

అందుకని కొల్లాపూర్ పెద్దలను నాలుగు అడుగుతున్నాను. సింగోటం జాతరకు, సోమశిల పుణ్యస్నానాలకు వేలమంది వచ్చే ప్రాంతం మనది. ఆ జనంలో ఆరోగ్య శిబిరం పెట్టించండి, మొద్దుబారిన మచ్చ నొప్పి లేకపోయినా చూపించుకోవాలని మైకులో చెప్పించండి. మామిడి తోటల యజమానులు, మేస్త్రీలు పుండు పడిన మనిషికి నాలుగు వారాలు కూర్చుని చేసే పని ఇవ్వండి, కూలి తగ్గించకండి. మహిళా సంఘాల అక్కలు, ఆ ఇంటి ఆడమనిషి రెండు పూటలా పనికి పోతున్నప్పుడు పిల్లలకు బడి తప్పకుండా చూడండి. నయమై మిగిలిన వైకల్యాన్ని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తిస్తుంది. ఆ ధ్రువపత్రం ఇప్పించడానికి చదువుకున్న పిల్లలు వాళ్ల వెంట వెళ్లండి.

కుముదినీదేవికి డబ్బుంది, పలుకుబడి ఉంది. వాటితో ఆమె ఒక ఆశ్రయం కట్టగలిగారు. మనలో చాలామందికి ఆ రెండూ లేవు. కాని జబ్బు వచ్చిన ఇంటి నుంచి పెళ్లి పిలుపు వస్తే వెళ్లి పంక్తిలో కూర్చుని తినడానికి డబ్బు, పలుకుబడి అక్కరలేదు. ఆ ఇంటి పిల్లను కోడలిగా తెచ్చుకోవడానికీ అక్కరలేదు. తమ్ముణ్ని విడవకుండా నిలబడ్డ ఆ అన్నావదినల పక్కన ఊరు నిలబడితే, ఇంకే ఇల్లూ తన మనిషిని గడప దాటించదు. రాణి కుముదినీదేవి పేరు మీద మనం చేయగల సేవ ఇంతకంటే పెద్దది లేదు. దాన్ని ఈ ఏడే మొదలుపెట్టమని మిమ్మల్ని చేతులెత్తి వేడుకుంటున్నాను.